గడ్డం గీస్తే మెడ నిండా పొక్కులు

ప్రశ్న: నాకు 25 ఏళ్ళు. మాది హనుమకొండ దగ్గర ఊరు. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. రోజూ క్లీన్ షేవ్‌తో రావాలని మా దగ్గర రూలు. ఏడాదిన్నరగా మెడ మీద, దవడ కింద గట్టి పొక్కులు వస్తున్నాయి. షేవింగ్ అయిన వెంటనే మంట, మర్నాటికి దురద, ఆ తర్వాత పొక్కులు. కొన్నింటిలో వెంట్రుక లోపల చుట్టుకుని కనిపిస్తే సూదితో తీసేస్తుంటాను. తగ్గినచోట నల్ల మచ్చలు మిగిలిపోతున్నాయి. ఐదు బ్లేడ్ల రేజర్ కొంటే ఇంకా ఎక్కువైంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే రెండ్రోజుల్లో మాయమయ్యాయి, మానేయగానే రెట్టింపుగా వచ్చాయి. రెండు నెలలుగా అదే రాస్తున్నాను. పోయిన ఏడాది అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు మాత్రం అంతా తగ్గిపోయింది. వేడి చేసిందని అమ్మ అంటుంది. నిమ్మకాయ రుద్దమని ఫ్రెండ్స్ అంటారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. నేను ఏ రేజర్ వాడాలి, ఏ క్రీము రాయాలి?
(పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్)

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాల గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. 41 రోజులు గడ్డం ముట్టుకోకపోతే పొక్కులు వాటంతట అవే పోయాయంటే మీ రక్తంలో దోషం లేదు, తిండిలోనూ లేదు. చర్మం చెడిపోలేదు. ఇది గడ్డం గీయడం వల్ల, అందులోనూ మరీ నున్నగా గీయడం వల్ల వస్తున్న బాధ. దీక్ష అయ్యాక మళ్ళీ రేజర్ పట్టుకున్నారు, అదీ మళ్ళీ మొదలైంది. నా దగ్గరికి ఇలాంటి బాధతో వచ్చేవాళ్ళలో కొంతమంది ఇదే మాట చెప్తారు, కాకపోతే స్వామి దయ వల్ల తగ్గిందని చెప్తారు. నేను కాదనను. దాంతోపాటు అన్ని రోజులు బ్లేడు తగలకపోవడం కూడా ఉందని మాత్రం గుర్తుచేస్తాను.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను, అది తెలిస్తే ఏ రేజర్ అన్న మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే. షేవింగ్ వల్ల వచ్చే బాధ రెండు రకాలు. మొదటిది, గీసిన నిమిషాల్లో మొదలయ్యే మంట, ఎర్రదనం. బ్లేడు వెంట్రుకతోపాటు పైచర్మాన్ని కూడా గీరుకుపోవడం వల్ల వస్తుంది, ఒకట్రెండు రోజుల్లో పోతుంది. రెండోది మీకు వస్తున్న గట్టి పొక్కులు. వీటికి డాక్టర్లు పెట్టిన పేరు సూడోఫాలిక్యులైటిస్ బార్బే. పేరు చూసి భయపడకండి, వెంట్రుక తిరగబడి చర్మంలో గుచ్చుకోవడం, అంతే.

రింగులు తిరిగే వెంట్రుక ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. మెడ మీద వెంట్రుక అసలే వంపు తిరిగి, చర్మానికి ఆనుకుని పడుకున్నట్టు పెరుగుతుంది. దాన్ని బ్లేడు ఏటవాలుగా కోసినప్పుడు కొన పదునుగా తయారవుతుంది. ఆ కొన కాస్త పెరగ్గానే వంగి, పక్కనే ఉన్న చర్మంలోకి దిగుతుంది. ఇంకోలా కూడా జరుగుతుంది. మీరు చర్మాన్ని వేళ్ళతో లాగిపట్టి గీశారనుకోండి, వెంట్రుక కాస్త పైకి లేచి తెగుతుంది. చెయ్యి తీయగానే మిగిలిన ముక్క చర్మం మట్టానికన్నా కిందికి జారుకుంటుంది. మళ్ళీ పెరిగేటప్పుడు బయటికి దారి దొరక్క కుదురు గోడనే పొడుచుకుంటూ పోతుంది. కాల్లో తుమ్మ ముల్లు విరిగితే చుట్టూ ఎలా వాచి గట్టిపడుతుందో, మీ మెడ మీద ఆ వెంట్రుక చుట్టూ అదే జరుగుతోంది. పైన చీము తల ఉన్నట్టు కనిపించినా చాలాసార్లు అందులో సూక్ష్మజీవులేం ఉండవు.

ఐదు బ్లేడ్ల రేజర్‌తో ఎందుకు ఎక్కువైందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. వాటిని తయారుచేసిందే అంత లోతుగా తెగడానికి. మొదటి బ్లేడు వెంట్రుకని కాస్త పైకి లాగుతుంది, వెనకొచ్చేది కోస్తుంది. బుగ్గల మీద నిటారుగా పెరిగే వెంట్రుకకి అది బాగానే పనిచేస్తుంది. మీ మెడకి పడదు. అయితే ఒక బ్లేడుదే కొనుక్కుంటే రోగం పోతుందని కూడా అనుకోకండి. ఒకటే బ్లేడుతో అదే చోట నాలుగుసార్లు, వెంట్రుక వాలుకి ఎదురు గీస్తే ఫలితం అంతే.

ఇక క్రీము సంగతి. దీన్ని ముందు తేల్చాలి, ఎందుకంటే గడ్డం కన్నా ఇప్పుడు నాకు ఇదే ఎక్కువ దిగులుగా ఉంది. ఆ ట్యూబు తీసి మందుల పేర్లు చదవండి. బెటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ లాంటి పేరేదైనా ఉంటే అది స్టెరాయిడ్. చాలా ట్యూబుల్లో దీనితోపాటు తామర మందు, యాంటీబయాటిక్ కలిపి మూడింటినీ ఒకేదాంట్లో పెడతారు. ఏ జబ్బో తెలియనప్పుడు అన్నిటికీ కలిపి కొట్టే మందు అది. పక్కన ఎర్ర గీత కూడా ఉంటుంది చూడండి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. ఇలాంటి స్టెరాయిడ్ పూత మందుల్ని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అయినా కౌంటర్ మీద చెయ్యి చాపితే ఇచ్చేస్తూనే ఉన్నారు.

స్టెరాయిడ్ వాపుని అణచేస్తుంది, అందుకే రెండ్రోజుల్లో మాయం. కానీ గుచ్చుకున్న వెంట్రుక అక్కడే ఉంది, మర్నాడు మళ్ళీ రేజర్ పడుతూనే ఉంది. ఈలోగా మొహం చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలుతాయి, మొటిమలు లేస్తాయి. పలచబడ్డ చర్మం మీద బ్లేడు ఇంకా తొందరగా గీరుకుపోతుంది. మానగానే రెట్టింపుగా వచ్చిందన్నారే, అది కొంత ఈ మందు దెబ్బే. రెండు నెలలు రాశారు కాబట్టి నా మాట విని ఈ రోజే చెత్తబుట్టలో పడేయొద్దు. ఈ వారంలోనే ఆ ట్యూబు జేబులో పెట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మందు బలాన్ని బట్టి ఒకేసారి ఆపాలో, తక్కువ బలం ఉన్నదానికి మార్చి మెల్లగా తగ్గించాలో వాళ్ళు చెప్తారు. మంట మరీ ఎక్కువైతే ఒక శాతం హైడ్రోకార్టిసోన్ రెండు మూడు రోజులు రాసుకోమని అందరికీ చెప్పే సలహా ఒకటుంది. అది ఎప్పుడో ఒకసారి మంట వచ్చేవాళ్ళ కోసం, ఇప్పటికే స్టెరాయిడ్‌లో మునిగిన చర్మానికి కాదు.

ఇప్పుడు అసలు వైద్యం. వినడానికి మీకు నచ్చకపోవచ్చు: ఒక నెల గడ్డం గీయడం ఆపాలి. గడ్డం రోజుకి మిల్లీమీటర్‌లో మూడో వంతు, కాస్త అటూఇటూగా పెరుగుతుంది. నెల తిరిగేసరికి సుమారు సెంటీమీటరు అవుతుంది. ఆ పొడవు వచ్చేసరికి లోపల ఇరుక్కున్న వెంట్రుకలు చాలావరకు స్ప్రింగులా వాటంతట అవే బయటికి లేస్తాయి. మాలలో ఉండగా మీకు జరిగింది ఇదే. మొదటి వారం పది రోజులు మాత్రం దురద ఎక్కువగా ఉంటుంది, కొత్త పొక్కులు కూడా రావచ్చు. ఇదేంటి ఆపితే ఎక్కువైందని చాలామంది అక్కడే కంగారుపడి మళ్ళీ రేజర్ పట్టుకుంటారు. ఆ పది రోజులు ఓర్చుకుంటే చాలు. చల్లటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ మెడ మీద పావుగంట వేసుకుంటే దురద తగ్గుతుంది.

నెల కుదరదంటే ట్రిమ్మర్‌తో పొట్టిగా ఉంచుకోండి. చర్మానికి కనీసం ఒక మిల్లీమీటరు ఎత్తున వదిలేలా గార్డ్ పెట్టుకోవాలి. గార్డ్ తీసేసి జీరోలో పెట్టి మెడకి గట్టిగా ఆనించి లాగితే, రేజర్‌తో వచ్చిన తిప్పలే కొంచెం తక్కువగా వస్తాయి. మీ ఉద్యోగానికి కూడా ఇదే దారి అని నా అభిప్రాయం, నెల తర్వాత కూడా. ఒక మిల్లీమీటరు గడ్డం కౌంటర్ అవతల నిలబడ్డ మనిషికి ఓ నీడలా కనిపిస్తుంది, అంతకుమించి ఏం కాదు. అందరూ నున్నగానే ఉండాలనే చోట్ల ఈ బాధ కొత్త కాదు. అమెరికా సైన్యంలో, ముఖ్యంగా రింగుల జుట్టున్న నల్లజాతి సైనికుల్లో ఇది ఎంత పెద్ద సమస్య అయిందంటే, డాక్టర్ సిఫారసు మీద పొట్టి గడ్డం ఉంచుకునే మినహాయింపులు దశాబ్దాలుగా ఇస్తూ వచ్చారు. తుపాకీ పట్టుకునే ఉద్యోగానికే సడలింపు దొరికినప్పుడు గది తాళాలిచ్చే ఉద్యోగానికి అడగడంలో తప్పేం లేదు.

ఎప్పుడో ఒకసారి రేజర్ తప్పదనుకుంటే, అప్పుడు ఎలా గీయాలో కొంచెం వివరంగా రాస్తాను. ముందు మీ మెడ మీద వెంట్రుకల వాలు తెలుసుకోవాలి. రెండు రోజుల గడ్డం ఉన్నప్పుడు అద్దం ముందు నిలబడి మూడు వేళ్ళతో మెడని నిమరండి. నున్నగా జారితే అది వాలు, గరుకుగా తగిలితే ఎదురు. బుగ్గల మీద అందరికీ దాదాపు పైనుంచి కిందికే ఉంటుంది. మెడ దగ్గరే తిరకాసు. గొంతు ముడికి ఒక పక్క వెంట్రుకలు కిందినుంచి పైకి, ఇంకో పక్క అడ్డంగా చెవి వైపుకి, దవడ మూల కింద సుడి తిరిగి ఉండటం మామూలే. మీరు ఇన్నాళ్ళూ మెడంతా ఒకే దిక్కున గీసి ఉంటే, అందులో సగం చోట్ల ఎదురు గీస్తున్నట్టే. ఫోన్‌లో మెడ ఫోటో తీసి దాని మీద బాణం గుర్తులు గీసిపెట్టుకోండి. వారం తిరిగేసరికి చేతికి అలవాటైపోతుంది.

గీసేది స్నానం అయ్యాకే. పొడి వెంట్రుక గట్టిగా ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ళలో రెండు మూడు నిమిషాలు నానితే మెత్తబడి తక్కువ బలానికే తెగుతుంది. డ్యూటీకి టైమైపోతోందని పొడి మొహానికి నురగ పూసి అర నిమిషంలో లాగేయడం వల్లే సగం మంటలు. ఒంటి సబ్బు నురగతో గీసుకునే అలవాటుంటే మానేయండి, ఆ క్షారం చర్మాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. వాసన లేని షేవింగ్ క్రీమో జెల్లో రాసి ఇంకో రెండు నిమిషాలు ఆగండి. హైదరాబాద్‌లో చాలా అపార్టుమెంట్లలో, పీజీల్లో బోరు నీళ్ళే. ఆ గట్టి నీళ్ళకి నురగ సరిగా లేవదు, లేచినా వెంటనే చచ్చిపోతుంది. ఒక మగ్గు తాగే నీళ్ళు పక్కన పెట్టుకుని దాంతో నురగ కలుపుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండో చెయ్యి చర్మం మీద ఉండకూడదు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. లాగిపట్టి గీయడం మన సెలూన్లలో అందరికీ అలవాటు, వాళ్ళు కత్తికి చర్మం తెగకుండా ఉండటానికి అలా పడతారు. మీ మెడకి అదే శత్రువు. చిన్న చిన్న గీతలు, రేజర్ బరువే చాలు, పైనుంచి నొక్కొద్దు. ఒక గీతకొకసారి బ్లేడు కడగాలి. ఒకసారి గీసినచోట నురగ లేకుండా మళ్ళీ గీయొద్దు. చేత్తో నిమిరి ఇక్కడ కొంచెం ఉందే అనిపించినా వదిలేయండి. ఆ మిగిలిన కొంచెమే మిమ్మల్ని కాపాడుతుంది. అయిపోయాక చల్లటి నీళ్ళతో కడిగి, టవల్‌తో రుద్దకుండా అద్దాలి. తర్వాత వాసన లేని మామూలు మాయిశ్చరైజర్. భగ్గుమనే ఆఫ్టర్ షేవ్ వద్దు. మంట పుడితే మందు పనిచేస్తోందని ఒక నమ్మకం ఉంది మనలో. ఆ మంట ఆల్కహాల్ పచ్చి చర్మాన్ని ఎండగొట్టడం వల్ల వచ్చేది.

బ్లేడు ఐదారు షేవింగులకి మించి వాడొద్దు. రేజర్‌ని బాత్‌రూమ్‌లో షవర్ కింద వదిలేయకుండా, కడిగి విదిలించి పొడిగా ఉండే చోట పెట్టండి. పీజీలో రూమ్మేట్ రేజర్ ఒక్కసారికే కదా అని తీసుకోవడం, ఇవ్వడం రెండూ వద్దు. కంటికి కనిపించనంత నెత్తురు చాలు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది.

సెలూన్‌కి వెళ్ళే అలవాటుంటే కొత్త బ్లేడు మీ ముందే కాగితం విప్పి వేయమనండి. ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు, అడిగితే ఎవరూ ఏమనుకోరు. మర్చిపోయేది పటిక గురించి. పటిక వల్ల చిన్న గాట్లలో నెత్తురు ఆగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఒక్క గడ్డనే పొద్దున్నించి రాత్రిదాకా వచ్చినవాళ్ళందరి మొహాల మీదా తిప్పుతారు. నురగ తుడిచే గుడ్డదీ అదే కథ. పటిక కావాలంటే మీదొకటి ఇంట్లో పెట్టుకోండి, తడిపి ఒకసారి రాసి, అర నిమిషం ఆగి కడిగేయండి. పొక్కులు రేగి ఉన్న రోజున మాత్రం అది కూడా వద్దు. రెండోసారి నురగ పెట్టి ఎదురు గీసే పద్ధతి ఉంది కదా, కుర్చీలో కూర్చోగానే అది వద్దని చెప్పేయండి. తర్వాత చెప్తే అప్పటికే గీసేసి ఉంటారు. కటింగ్ తర్వాత మెడ వెనక అంచు కత్తితో గీకించుకోవడం కూడా ఆపండి. మీలాంటి చర్మానికి అక్కడ వచ్చే గట్టి గడ్డలు ముందువాటికన్నా మొండివి, కొందరికి ఉబ్బిన మచ్చలుగా ఉండిపోతాయి.

మంగళవారం, శనివారం గడ్డం ముట్టుకోని ఇళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నాయి. కారణం ఏదైనా కానీ, మధ్యలో ఖాళీ ఇవ్వడం చర్మానికి మంచిదే. కాకపోతే ఒక్క రోజు విరామం మీకు సరిపోదు, ఈ పొక్కులు తగ్గేదాకా రేజర్‌కి పూర్తి సెలవు ఇవ్వాలి.

సూది పక్కన పెట్టండి. వెంట్రుక ఉంగరంలా చర్మం పైకి కనిపిస్తుంటే, స్పిరిట్‌తో తుడిచిన సూది మొనతో ఆ ఉంగరాన్ని లేపి కొనని బయటికి తేవొచ్చు. అక్కడితో ఆగాలి. పీకేస్తే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది కానీ కొత్త వెంట్రుక మళ్ళీ లోపలినుంచే మొదలవుతుంది. చర్మం తవ్వి వెతకడం మరీ ప్రమాదం, మీ నల్ల మచ్చల్లో కొన్ని రేజర్ చేసినవి కావు, సూది చేసినవే. థ్రెడింగ్, వ్యాక్సింగ్ కూడా ఈ కారణంతోనే మీకు పనికిరావు. వెంట్రుకలు కరిగించే క్రీములు కొందరికి మేలు చేస్తాయి, కానీ అవి ఘాటు మందులు, రేగిన చర్మం మీద పడితే కాలినట్టవుతుంది.

అమ్మగారి మాటకి వస్తాను. మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగమంటే తాగండి, ఒంటికి మంచివే. పొక్కుల మీద మాత్రం వాటి ప్రభావం ఏమీ ఉండదు. నిమ్మకాయని మొహం దరిదాపులకి కూడా రానివ్వకండి. నిమ్మరసం తగిలిన చర్మం మీద ఎండ పడితే బొబ్బలు లేచి, తర్వాత నెలల తరబడి పోని నల్ల మచ్చలు పడతాయి. మచ్చలు పోగొట్టడానికని రాసుకునేది మచ్చలు పెట్టి పోతుంది. టూత్‌పేస్ట్ కూడా వద్దు. కలబంద జెల్ చల్లగా హాయిగా ఉంటుంది. ఆకు కోసి రాసుకునేటట్టయితే ముందు కారే పసుపుపచ్చ జిగురుని పూర్తిగా కడిగేయాలి, దురద పెట్టేది అదే. కొబ్బరినూనె పొడి చర్మానికి మంచిదే గానీ గడ్డం కింద దట్టంగా పట్టిస్తే కుదుళ్ళు మూసుకుని ఇంకో రకం పొక్కులు రావచ్చు. రోజూ గీయడం వల్ల వెంట్రుక ముదిరి ఇలా అయిందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అదీ నిజం కాదు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1928లోనే మగవాళ్ళ గడ్డాలు కొలిచి చూసి, గీయడం వల్ల వెంట్రుక మందమూ పెరగదు, వేగమూ పెరగదని తేల్చారు. కోసిన కొన మొండిగా ఉండటం వల్ల చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

డాక్టర్ ఏమివ్వొచ్చో ముందే చెప్తే మీకు కంగారుండదు. స్టెరాయిడ్ వదిలించాక, రాత్రిపూట రాసుకోవడానికి అడపలీన్ లాంటి జెల్ ఇవ్వొచ్చు. అది కుదురు నోటి దగ్గర పేరుకున్న చర్మాన్ని పలచబరిచి వెంట్రుకకి దారి ఇస్తుంది. మెడంతటికీ కలిపి బఠాణీ గింజంత చాలు. మొదటి రెండు వారాలు పొట్టు రాలుతుంది, చిరచిరలాడుతుంది, రోజు విడిచి రోజు రాసుకుంటే తట్టుకోవచ్చు. పొక్కుల్లో చీము ఉంటే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ గానీ క్లిండమైసిన్ జెల్ గానీ ఇస్తారు. ఆ వాష్ తగిలిన టవల్, దిండు గలీబు రంగు వెలిసిపోతాయి, తెల్లవి వాడుకోండి. హోటల్ యూనిఫామ్ కాలర్ జాగ్రత్త. మచ్చలకి అజెలాయిక్ యాసిడ్ మంచి మందు, మన చామనఛాయ చర్మానికి బాగా సరిపోతుంది. దానికి తోడు పొద్దున్నే మెడకి కూడా ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. మొహానికి రాసి మెడ వదిలేసేవాళ్ళే ఎక్కువ. కొత్త పొక్కులు ఆగాక మచ్చలు వెలిసిపోవడానికి మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వారంలో తెల్లబడుతుందని ఎవరైనా క్రీము ఇస్తే అందులోనూ స్టెరాయిడ్ ఉండొచ్చని అనుమానించండి.

అన్నీ చేసినా మళ్ళీ మళ్ళీ వస్తుంటే లేజర్ ఉంది. వెంట్రుక కుదురునే బలహీనపరుస్తుంది కాబట్టి మూలానికే వైద్యం. మన రంగు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ సురక్షితమైనది, కాలిన మచ్చలు పడే భయం తక్కువ. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో చాలా సిట్టింగులు కావాలి, ఖర్చు కూడా తక్కువేం కాదు. చేయించుకునేముందు ఒక్కటి ఆలోచించుకోండి. అక్కడ గడ్డం శాశ్వతంగా పలచబడుతుంది. మెడ వరకే చేయించుకుని దవడ వదిలేస్తే, ముందుముందు గడ్డం పెంచాలనిపించినా ఇబ్బంది ఉండదు.

ఇది నేను అనుకున్న జబ్బు కాకపోయే అవకాశం కూడా చెప్పాలి. దద్దు అంచు గుండ్రంగా పాకుతూ, పొట్టు రాలుతూ, తీవ్రమైన దురద ఉంటే గడ్డానికి తామర పట్టి ఉండొచ్చు. స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే తామర పైకి అణిగి లోపల పాకుతుంది, ఆనవాలు కూడా మారిపోతుంది. కాబట్టి ఎన్నాళ్ళు రాశారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. అవసరమైతే చర్మం మీద పొట్టు గీకి పరీక్షకి పంపుతారు. ముందు చిమచిమలాడి తర్వాత గుత్తిగా నీటి పొక్కులు లేస్తే అది హెర్పిస్ కావచ్చు, దానికి మందు మొదటి రెండు మూడు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. పెద్ద సెగ్గడ్డలు మాటిమాటికీ లేస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి, మీ వయసులో కూడా. జ్వరం, ఎర్రదనం గంట గంటకీ పాకడం, మొహం వాయడం, వీటిలో ఏది కనిపించినా ఆదివారమైనా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

సంబంధాల టెన్షన్ గురించి నేను చెప్పగలిగేది కొద్దిగానే. పెళ్ళిచూపులకి పొట్టి గడ్డంతో వెళ్ళండి. పొద్దున్నే నున్నగా గీసుకుని ఎర్రటి మెడతో, కాలర్ తగిలితే చిరచిరమంటుంటే కూర్చోవడం కన్నా అది చాలా నయం. మీ వయసు పెళ్ళికొడుకుల్లో ఇప్పుడు గడ్డం లేనివాళ్ళే తక్కువ.

ఇక ఆఫీసు. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక కాగితం రాయించుకోండి. అందులో "షేవింగ్ వద్దు" అని మాత్రమే రాస్తే మేనేజర్‌కి పూర్తి గడ్డం కళ్ళ ముందు మెదిలి వెంటనే కుదరదనే అవకాశం ఉంది. జబ్బు పేరు, రేజర్ ఎందుకు పడదో ఒక వాక్యం, ట్రిమ్మర్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవున నీటుగా ఉంచుకోవచ్చని, మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తామని, ఇవన్నీ రాయమని అడగండి. కాగితం ఇచ్చే రోజున ట్రిమ్ చేసిన గడ్డంతోనే వెళ్ళండి. ఎలా ఉంటుందో వాళ్ళకి చూపించినట్టు ఉంటుంది. మొదటి నెల పూర్తిగా పెంచాలి కాబట్టి, వీలైతే ఆ నాలుగు వారాలు కౌంటర్ మీద కాకుండా రిజర్వేషన్లలోనో బ్యాక్ ఆఫీసులోనో వేయమని అదే రోజు అడిగి చూడండి.